అడుగుల పద్దు, అటకెక్కిన మజిలీ

సెలవులకు కుటుంబసమేతంగా కారులో బయలుదేరడం మన మధ్యతరగతి ఇళ్ళలో ఇప్పుడు వింత కాదు. వింతల్లా ఆ ప్రయాణపు ఏర్పాట్లలోకి కొత్తగా వచ్చి చేరిన ఒక పట్టిక. ఎక్కడ ఆగాలి, ఎక్కడ భోంచేయాలి, ఏ దేవుణ్ణి చూడాలి అన్న ముచ్చట్ల పక్కనే "రోజుకు ఎవరు ఎన్ని అడుగులు" అన్న వరుస కూడా కనిపిస్తున్నది. ఇంటిల్లిపాదికీ తలా పదివేలు. తాతయ్యకు వయసు రీత్యా ఐదువేలకు మినహాయింపు. రాత్రి పడుకునే ముందు కుటుంబపు వాట్సాపు గుంపులో ఎవరి లెక్క వాళ్ళు అప్పజెప్పాలి. తగ్గినవాళ్ళు మర్నాడు తీర్చాలి. "ప్రయాణంలో బరువు పెరగకూడదు, ఒంట్లో చురుకు తగ్గకూడదు" అన్నది దీని వెనక ఉన్న సదుద్దేశం.

ఈ టపా ఆ పట్టిక మీద నా అభ్యంతరం. ముందే ఒక మాట. వ్యాయామం మీద నాకు విరోధం లేదు. నడక మంచిదని తెలియనివారెవరూ ఇది చదవడం లేదు కనుక దాని మహిమను వర్ణించను. నేనంటున్నదల్లా ఇంతే: ప్రయాణాన్ని నడవడానికి వీల్లేకుండా తయారు చేసుకుని, ఆపైన నడకను బాకీలాగా వసూలు చేసుకోవడం ఆరోగ్యం కాదు. ఆ బాకీని ఇంట్లో ఎవరు తీరుస్తున్నారో చూస్తే అది న్యాయం కూడా కాదు.

గాలిలో మాట్లాడకుండా ఒక దారిని తీసుకుందాం. హైదరాబాదు నుంచి కర్నూలు, నంద్యాల మీదుగా అహోబిలం. అక్కణ్ణుంచి కడప, రాజంపేట మీదుగా తిరుపతి. తిరిగి హైదరాబాదు. నాలుగు రోజులు. తెలుగు కుటుంబాలకు బాగా అలవాటైన దారే ఇది. మొదటి రోజు సుమారు 350 కిలోమీటర్లు, రెండో రోజు 250కి పైన, చివరి రోజు ఏకబిగిన 550కి పైన. మొత్తం మీద 1,100 కిలోమీటర్లకు పైమాటే. రోడ్డు ఎంత బాగున్నా, కారు ఎంత కొత్తదైనా, నాలుగు రోజుల్లో ఇరవై గంటలకు తక్కువ కాకుండా కూర్చునే ఉండాలి. మోకాళ్ళు ముడుచుకుని, నడుముకు పట్టీ బిగించుకుని, ముందు సీటు వీపును చూస్తూ.

ఈ కూర్చోవడం గురించి పట్టికలో ఒక్క గడి కూడా ఉండదు. నిజానికి మన ఒంటికి ప్రయాణంలో జరిగే హాని అంతా ఉన్నది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా చేసే ప్రయాణంలో సిరల్లో నెత్తురు గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. విమానానికి మాత్రమే వర్తించే మాట కాదది. రైలు, బస్సు, కారు అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం మీద ఆ ముప్పు చిన్నదే, ఆరువేల మందిలో ఒకరికి అని వాళ్ళే చెప్పారు. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ విరుగుడు ఏమిటో గమనించండి: మధ్యమధ్య లేచి కాళ్ళు కదిలించడం. రాత్రి పది గంటలకు హోటలు ఆవరణలో ఆరువేల అడుగులు తిరిగితే, పగలు ఐదు గంటలు కట్టేసినట్టు కూర్చున్న కాళ్ళకు ఆ వేళకు జరగవలసిన మేలు జరగదు.

పట్టిక వేసుకున్న కుటుంబం మాత్రం సరిగ్గా ఆ రెండో పనే చేస్తుంది. దారిలో ఆగితే ఆలస్యం. ఆలస్యమైతే చీకటి పడేలోగా చేరలేం. కనుక పగలంతా ఆగకుండా పోవాలి. చేరాక, కార్లు నిలిపే చోట, నాలుగు బల్బుల వెలుతురులో, గోడకూ గేటుకూ మధ్య గుండ్రంగా తిరగాలి. కానుగ చెట్టుకు కట్టిన ఎద్దుకు గానుగైనా ఉంటుంది, దాని తిరుగుడుకు నూనె అయినా దిగుతుంది. ఈ తిరుగుడుకు దిగేది ఒక అంకె.

ఆగకుండా పోతున్న ఆ పగటి దారిలో ఏమేమి దాటిపోయామో ఒకసారి చూడండి. కర్నూలు ఇంకా రాకముందే, రహదారికి కాస్త పక్కగా, తుంగభద్ర ఒడ్డున అలంపురం. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒక్కొక్కదాని చుట్టూ తిరిగి చూసేసరికి పూటకు సరిపడా నడక. శ్రీశైలం జలాశయపు ముంపు నుంచి తప్పించడానికి రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన కూడలి సంగమేశ్వరాలయం కూడా ఆ ఊళ్ళోనే ఉన్నది. నంద్యాల పక్కన మహానంది. అడుగున పడ్డ నాణెం కనిపించేంత తేటనీళ్ళ కోనేరు. కడప దాటాక ఒంటిమిట్ట కోదండరామాలయం. రాజంపేట దగ్గర తాళ్ళపాక, అన్నమయ్య పుట్టిన ఊరు. రోడ్డు పక్కనే 108 అడుగుల అన్నమయ్య విగ్రహం నిలబడి ఉంటుంది. కారు అద్దంలోంచి ఫొటో తీసుకుని సాగిపోతాం. ఎందుకంటే సాయంత్రానికి తిరుపతి చేరాలి. చేరి, తిరగాలి.

ఇదీ నా మొదటి అభ్యంతరం. నడవవలసిన చోటును దాటించి, నడవడానికి ఏమీ లేని చోట నడిపించే ఏర్పాటు ఇది.

* * *

ఇంతకీ ఈ పదివేలు ఎక్కణ్ణుంచి వచ్చింది? వైద్యశాస్త్రం తూచి కొలిచి ఇచ్చిన మోతాదని చాలామంది నమ్మకం. అది 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కపెట్టే పరికరం పేరు. 'మంపో కే' అన్న ఆ పేరుకు అర్థమే 'పదివేల అడుగుల మీటరు'. అంతకు ముందు ఏడాది, 1964లో, టోక్యోలో ఒలింపిక్స్ జరిగి ఉన్నాయి. జనంలో వ్యాయామం మీద ఉత్సాహం ఉన్నది. చెప్పుకోవడానికి నిండుగా, గుర్తుండేలా ఉండే అంకె పదివేలు. వస్తువు అమ్ముడుపోయింది. వస్తువు కంటే అంకె ఎక్కువ దూరం పోయింది.

ఆ అంకెను శాస్త్రం పరీక్షకు పెట్టింది చాలా తర్వాత. 2019లో అమెరికాలో పదహారు వేలకు పైబడిన పెద్దవయసు స్త్రీల మీద జరిపిన అధ్యయనం ఒకటి వెలువడింది. వారి సగటు వయసు 72. రోజుకు 2,700 అడుగుల దగ్గర ఉన్నవాళ్ళ కంటే 4,400 అడుగుల దగ్గర ఉన్నవాళ్ళలో మరణాలు తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక అదనపు ప్రయోజనం పెద్దగా కనిపించలేదు. అన్ని వయసులకూ ఇదే లెక్క అనను. పదివేలు అనేది దాటితే పుణ్యం, దాటకపోతే పాపం అన్నట్టు నిలబెట్టిన గీత కాదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమ చాలునన్నాయి. ఏ శ్రమైనా కనీసం పది నిమిషాల విడతగా ఉండాలన్న పాత నియమాన్ని కూడా అప్పుడే వదిలేశాయి. ప్రతి కదలికా లెక్కలోకి వస్తుందన్నది వాటి సారాంశం.

గమనించారా? వారానికి అన్నారు. అంటే నాలుగు రోజుల ప్రయాణంలో రెండు రోజులు కూర్చుని, రెండు రోజులు కొండ ఎక్కినవాడు ఏ నేరమూ చేయలేదు. నేరభావన పుట్టించేది చేతి గడియారం. దానికి వారం తెలియదు. నిన్న అలిపిరి నుంచి మెట్లెక్కి తిరుమల చేరినవాడికి కూడా అర్ధరాత్రి పన్నెండు కాగానే సున్నా చూపిస్తుంది. ఏ షావుకారూ ఇంత కఠినంగా పద్దు రాయలేదు. తీర్చిన అప్పుకు చెల్లు రాయడం అతనికైనా తెలుసు.

* * *

రెండో అభ్యంతరం మరింత ముఖ్యమైనది. ఈ లక్ష్యాలు కుటుంబానివి అంటారు. మోసేది ఎవరు?

ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి మొదలు పెట్టండి. ఓట్సు డబ్బాలు, వేయించిన గింజలు, నూనె లేని చపాతీలు, మొలకలు, తాతయ్యకు చక్కెర లేని బిస్కెట్లు, పిల్లలకు జొన్న అటుకులు. ఇవన్నీ ఎవరు వండి, ఎవరు కట్టి, డిక్కీలో ఏది పైన ఉండాలో ఏది అడుగున ఉండాలో ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారు? సెలవు అంటే వంటింటికి సెలవు అని ఒకప్పుడు ఆశ ఉండేది. "బయటి తిండి వద్దు" అన్న ఆరోగ్యసూత్రం వంటిల్లును కారులోకి ఎక్కించింది. ఇల్లాలికి సెలవు రద్దయింది. ఇక్కడొక చోద్యం చూడండి. ఆ తల్లి నిద్రపోయిన పిల్లవాణ్ణి రెండు చేతులా ఎత్తుకుని గుడి మెట్లెక్కితే, చెయ్యి ఊగదు గనుక చేతి గడియారం ఆ అడుగులను సరిగ్గా పట్టుకోలేదు. బరువు లేకుండా చేతులూపుకుంటూ తిరిగిన భర్తకు పూర్తి మార్కులు. రాత్రి గుంపులో ఆమె వెనకబడినట్టు తేలుతుంది! పరికరం తప్పు కాదది. ఇంట్లో ఏది శ్రమగా లెక్కకు వస్తుందో, ఏది రాదో పూర్వం నుంచీ ఉన్న పద్ధతినే అది కొత్తగా అచ్చు వేస్తున్నది.

తర్వాత, బండి నడిపే మనిషి. జీతానికి బండి నడిపే కార్మికుని కోసం 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం చేసినప్పుడు, రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని, ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని రాశారు. సొంత కారు నడిపే తండ్రికి ఏ చట్టమూ లేదు. పైగా తిరుగు ప్రయాణం నాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, లక్ష్యంలో సగం ముగించుకుని, అప్పుడు చక్రం పట్టుకోవాలని పట్టికలో ఉన్నది. తెల్లవారుజామున తీసేసిన గంట నిద్ర మధ్యాహ్నం భోజనం తర్వాత రహదారి మీద వడ్డీతో సహా వచ్చి కూర్చుంటుంది. ఆ నిద్ర ఒక్కరి ప్రాణాలకే ముప్పు కాదు. ఆరోగ్యం పేరిట నిద్రను కోయడం కంటే పెద్ద అనారోగ్యం రోడ్డు ప్రయాణంలో నాకు కనబడదు.

ఇక పిల్లలు. పద్నాలుగేళ్ళ అమ్మాయి కర్నూలులో పొద్దున్నే ఉగ్గాణీ బజ్జీ కావాలంటుంది. "తిను, కానీ దానికి రెండువేల అడుగులు అదనం" అంటారు నవ్వుతూ. హాస్యమే. అయితే ఆ వయసులో ఆ హాస్యం ఏం నేర్పుతుందో ఆలోచించారా? తిండి అనేది ముందు చేసే తప్పు, నడక అనేది తర్వాత పడే శిక్ష అని నేర్పుతుంది. ఆ పిల్ల ఇరవై ఏళ్ళొచ్చాక నడకను ప్రేమిస్తుందా? శిక్షను ప్రేమించిన బిడ్డను నేను చూడలేదు. కడపలో కారం దోశ వద్దని, పక్క హోటల్లో వేడి వేడి రాగి సంగటి ఉన్నా "బయటిది" గనుక వద్దని, డబ్బాలోని రాగి బిస్కెట్టును చేతిలో పెట్టే తెలివి కూడా ఈ క్రమశిక్షణలోదే. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకున్నది. రాయలసీమ సంగటి ముద్ద ఆ సంవత్సరం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

చివరికి పెద్దవాళ్ళు. ఈ మధ్య ఒక యాత్రలో విన్న సంభాషణ. మనవడు అడిగాడు, "నాయనమ్మా, నీవి ఇవాళ ఎన్నయ్యాయి?" ఆమెకు అర్థం కాలేదు. "ఏంటి నాయనా, ఎన్ని?" అన్నది. "అడుగులు" అన్నాడు. ఆవిడ నవ్వి, "నేను మొక్కుకు వచ్చాన్రా, లెక్కకు రాలేదు" అన్నది. నేను ఇన్ని పేరాల్లో చెబుతున్నది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పింది.

* * *

"మొక్కు మాత్రం లెక్క కాదా?" అని చురుకైన మిత్రులు అడుగుతారని తెలుసు. అలిపిరి దారిలో 3,550 మెట్లని, శ్రీవారి మెట్టు దారిలో 2,388 అని మనవాళ్ళు లెక్కపెట్టే ఉంచారు. మెట్టు మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెట్టేవాళ్ళు ఉన్నారు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు ఉన్నారు. అంకె మనకు కొత్త కాదు, ఒప్పుకుంటాను. తేడా ఎక్కడంటే, ఆ లెక్కకు ఒక చివర ఉన్నది. చివరి మెట్టు మీద లెక్క తీరిపోతుంది, మనిషి తేలికపడతాడు. మధ్యలో అలసి కూర్చున్నవాణ్ణి ఎవరూ ఓడిపోయాడనరు. ఆ మాటకొస్తే ఆ కొండ దారిలో మన సాహిత్యం గుర్తుపెట్టుకున్న మనిషి, అలసి ఆకలితో దారిలో పడి నిద్రపోయినవాడు. బాలుడైన అన్నమయ్య కొండ ఎక్కలేక సోలిపోతే అలమేలుమంగ వచ్చి ఆదరించిందని ఆయన మనవడు చిన్నన్న 'అన్నమాచార్య చరిత్ర'లో ద్విపదగా చెప్పాడు. ఎంత వేగంగా ఎక్కాడో ఎవరికీ పట్టలేదు. ఎక్కడ ఆగాడో, అక్కడ ఏమైందో, అది నిలిచింది.

మన భాషలో ప్రయాణానికి ప్రాణం పోసే మాట ఒకటి ఉండేది: మజిలీ. ఎక్కడో అరబ్బుల నోట పుట్టి, ఉర్దూ మీదుగా మన ఇంటికొచ్చి, పూర్తిగా మనదైపోయిన మాట. మజిలీ అంటే ఆగే చోటు. ఒక మజిలీకీ ఇంకో మజిలీకీ మధ్య ఉన్నంత మేరే ఆ రోజు ప్రయాణం. మధిర సుబ్బన్న దీక్షిత కవి 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలకూ పునాది ఈ మజిలీయే. మణిసిద్ధుడికి కాశీకి తోడు కావాలి. పశువుల కాపరి గోపుడు వస్తానన్నాడు గానీ షరతు పెట్టాడు: దారిలో తాను చూసిన వింతకల్లా మజిలీ చేరాక కథ చెప్పాలి. ఒక కుర్రవాణ్ణి కాశీ దాకా కాలినడకన నడిపించడానికి ఆ కవికి తోచిన ఉపాయం అది. "ఇవాళ్టికి ఇంకా మూడువేలు బాకీ ఉన్నావు" అని ఉంటే గోపుడు మొదటి మజిలీ నుంచే వెనక్కి తిరిగి, తన పశువుల దగ్గరికి పోయి ఉండేవాడు. కథ పెట్టుకున్నాడు గనుక నడిచాడు. నడకకు కారణం కావాలి. అంకె కారణం కాలేదు, ఎంతసేపటికీ అది రసీదే.

పూర్వం అంతా బంగారమని నేను అనబోవడం లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలలు. మనం పైన చెప్పుకున్న దారినే ఆయన ఎదురు దిక్కుగా పోయాడన్నమాట. దారిలో ఏ ఊళ్ళో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, బాట ఎలా ఉన్నది అన్నీ రాసుకున్నాడు గనుకనే ఆయన 'కాశీయాత్ర చరిత్ర' నేటికీ చదువుతున్నాం. అయితే ఆయన పోయింది పల్లకీలో. నడిచినవాళ్ళు బోయీలు. వెంట సుమారు వంద మంది పరివారం. ఆ అడుగుల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. నడక కొందరికి కూలి, కొందరికి తప్పనిసరి, కొందరికి మాత్రమే ఎంపిక అన్న సంగతి అప్పుడూ ఉన్నదే, ఇప్పుడూ ఉన్నదే. హోటలు ఆవరణలో మనం గుండ్రంగా తిరుగుతుంటే పక్కనుంచి మన పెట్టెలు నెత్తిన పెట్టుకుని మూడో అంతస్తుకు మెట్లెక్కే కుర్రవాడికి ఆ పూట ఎన్ని అడుగులైనాయో ఎవరు అడిగారు?

* * *

ఇప్పుడు ఎదుటి వాదనలో బలమైనదాన్ని తీసుకుంటాను. "మీకేం, మాటలు బాగానే ఉంటాయి. మన ఇళ్ళ నిండా షుగరు ఉన్నది. నాలుగు రోజులు అదుపు తప్పితే ఎవరు బాధ్యులు?" అంటారు. కొట్టిపారేయవలసిన మాట కాదిది. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మందని అంచనా కట్టింది. తెలుగు ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు ఉంటే అందులో ఒకరి మాత్రలు డిక్కీలో ఉండే రోజులివి.

అందుకే అంటున్నాను, అలాంటి మనిషికి కావలసింది పదివేల లక్ష్యం కాదు. వేళకు తిండి, వేళకు మందు, తిన్నాక కాసేపు నడక, మధ్యమధ్య ఆగే బండి, కాళ్ళకు సరిపోయే చెప్పులు. ఇవన్నీ ప్రయాణపు ఏర్పాటు మీద ఆధారపడ్డవి. రెండింటికి చేయవలసిన భోజనం "ఇంకో యాభై కిలోమీటర్లే" అంటూ నాలుగింటికి జరిపితే, రాత్రి ఎన్ని వేలు తిరిగినా ఆ ముసలాయనకు జరిగిన హాని తీరదు. మందు మోతాదు వాడుతున్నవాళ్ళకు అది ప్రమాదం కూడా. షుగరు ఉన్నదన్న వాదన నిజానికి నా పక్షాన సాక్ష్యం చెబుతున్నది.

"లక్ష్యం లేకపోతే మనిషి కదలడు" అన్నది రెండో వాదన. ఇది మనిషిని గురించి చాలా చులకన అభిప్రాయం. ఎగువ అహోబిలంలో భవనాశి ఏటి వెంట రాళ్ళ మీదుగా జ్వాలా నరసింహుడి గుహ దాకా పోయే దారిలో చూడండి. ఇంటి దగ్గర కూరగాయల కొట్టుకు కూడా బండి మీద పోయే మనిషి, అక్కడ కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ, చల్లటి ఊట కింద తల తడుపుకుంటూ గంటల తరబడి ఎక్కుతాడు. ఎవరూ పట్టిక ఇవ్వలేదు. పైన ఏదో ఉన్నది. పక్కన తనవాళ్ళు ఉన్నారు. అంతే.

మరి ఆ మనిషే ఇంటి దగ్గర ఎందుకు నడవడు? అసలు ప్రశ్న ఇక్కడ ఉన్నది. మన నగరాల్లో కాలిబాట అన్నది ఉంటే దాని మీద బళ్ళు నిలిపి ఉంటాయి, లేదా అది మురికికాలువ మీద పరిచిన విరిగిన పలక. రోడ్డు దాటడానికి దేవుణ్ణి తలుచుకోవాలి. పిల్లవాడు బడికి నడిచిపోవడం సాహసంగా మారింది. ఏడాదిలో మిగిలిన రోజులన్నీ నడవనివ్వని ఊళ్ళో బతికి, ఆ లోటునంతా నాలుగు రోజుల సెలవు నెత్తిన పెడుతున్నాం. మునిసిపాలిటీని అడగవలసిన బాకీని ఇల్లాలి దగ్గరా, ఎనిమిదో తరగతి పిల్ల దగ్గరా వసూలు చేస్తున్నాం. గడియారం అమ్మేవాడికి ఇది సౌకర్యం, మునిసిపాలిటీకి మరీ సౌకర్యం. నీ ఒళ్ళు నీ బాధ్యత అని మనకు మనమే చెప్పుకుంటుంటే ఇక కాలిబాట వెయ్యమని అడిగేదెవరు?

* * *

ఖండించి ఊరుకోవడం తేలిక. కనుక ప్రత్యామ్నాయం కూడా చెప్పి ముగిస్తాను.

పట్టికలో అడుగుల వరుస కొట్టేసి, దాని స్థానంలో కిలోమీటర్ల వరుసను తగ్గించండి. అదే నాలుగు రోజుల్లో తిరుపతిని వదిలి, అలంపురం, మహానంది, అహోబిలం మూడు మజిలీలు పెట్టుకోండి. కూర్చునే గంటలు చాలా తగ్గుతాయి. తిరుపతి అంతగా కావాలంటే రైల్లో పోయి మెట్లదారి ఎక్కండి, తిరుపతి ఎక్కడికీ పోదు. రెండు గంటలకొకసారి బండి ఆపడం నియమం చేసుకోండి, ఆపాక బండి నడిపే మనిషిని కూడా దింపండి. ఆగినచోట ఏ చెట్టో, చెరువో, చింతకాయలమ్మే ముసలమ్మో ఉంటే అదే మజిలీ అనుకోండి. తెల్లవారుజామున ఎవరి నిద్రా కోయకండి. డిక్కీలోని డబ్బాలు సగానికి తగ్గించి, ఊరూరా ఆ ఊరి తిండి తినండి. పెట్టెలు మోయడం, మందులు గుర్తుపెట్టుకోవడం, పిల్లవాణ్ణి ఎత్తుకోవడం మగవాళ్ళ వంతు చేయండి, వాళ్ళకు కావలసిన వ్యాయామం అందులోనే దొరుకుతుంది. కోనేట్లో పిల్లలతో మునగండి. పెద్దవాళ్ళు నడవలేని చోట ఒకరు వాళ్ళతో మండపంలో కూర్చుని కథ వినండి. ఆ కూర్చోవడం కారులో కూర్చోవడం వంటిది కాదు. చేతి గడియారం ఉంచుకోవాలంటే ఉంచుకోండి, వేళ చూసుకోవడానికి. రాత్రి గుంపులో అంకెలకు బదులు, ఇవాళ ఎక్కడ ఆగాం, ఏం చూశాం అన్నది ఒక్కొక్కరు ఒక్క వాక్యం రాయండి. పదేళ్ళ తర్వాత చదువుకోవడానికి పనికొచ్చేది అదే.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మనవాళ్ళు ఏనాడో అన్నారు. ఇప్పుడు పరుగెత్తి, పాలు కూడా మానేసి, తాగని పాలకు కేలరీలు లెక్కపెట్టుకుంటున్నాం.

ఇంతకు మించి చెప్పను. అడుగుల లెక్క వల్లనే మా ప్రయాణం బాగుపడిందని అనుభవంతో చెప్పగల మిత్రులుంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను, వాదించడానికి కూడా. ఒక్కటే మనవి: ఆ ప్రయాణంలో డబ్బాలు ఎవరు కట్టారో, చక్రం ఎవరు పట్టారో, మజిలీలు ఎన్ని చేశారో అవి కూడా లెక్కతో సహా చెప్పండి.